ఉప్సాలాలో అన్నీ మూసి ఉండటం: కారణం, మళ్లీ ప్లాన్

అక్టోబరులో ఒక సోమవారం అమ్మానాన్నలతో స్వీడన్‌లోని ఉప్సాలా నగరానికి వెళ్తే తోట, మ్యూజియం రెండూ మూసి ఉన్నాయన్నారు కదా, ఒక కారణం మీరు వెళ్లిన రోజు. స్వీడన్‌లో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు.

అందరూ మర్చిపోయే రెండో కారణం సీజన్. వృక్షశాస్త్రవేత్త లినీయస్ పేరిట ఉన్న ఆ తోటను వేసవి నెలల్లోనే తెరుస్తారు, అక్టోబరులో ఏ రోజు వెళ్లినా లాభం లేదు. మ్యాప్‌లో కనిపించే టైమింగ్స్ నమ్మకుండా, ఆ చోటి సొంత వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే తేదీకి ఏ వేళలు ఇచ్చారో చూడండి. మిడ్‌సమ్మర్ (జూన్‌లో వచ్చే స్వీడన్ పండగ) ముందురోజు లాంటి సెలవులప్పుడైతే ఇది తప్పనిసరి.

ఈసారి ఇలా వెళ్లండి:

1. జూన్–ఆగస్టు మధ్య, మంగళవారం నుంచి ఆదివారం లోపు. స్టాక్‌హోమ్ నుంచి రైలులో సుమారు 40 నిమిషాలు.
2. ముందు గుస్టావియానుమ్ మ్యూజియం. శరీర నిర్మాణం నేర్పడానికి శవాలను కోసి చూపించేందుకు 1660లలో ప్రొఫెసర్ ఊలోఫ్ రూడ్‌బెక్ కట్టించిన గది అక్కడే ఉంది, వదలకండి.
3. ఎదురుగానే కేథడ్రల్, ప్రవేశం ఉచితం. లినీయస్, గుస్తావ్ వాసా రాజు సమాధులు లోపలే. ప్రార్థన జరుగుతుంటే కాసేపు ఆగాలి.
4. తోట అక్కడి నుంచి నడిచే దూరమే, పెద్దవాళ్లకైనా ఇబ్బంది ఉండదు.
5. చివర్లో బస్సులో గామ్లా ఉప్సాలా (పాత ఉప్సాలా). ఆ పాత రాజుల మట్టిదిబ్బలు ఆరుబయటే, టికెట్ లేదు, కాబట్టి మ్యూజియంలు మూసేశాక వెళ్లినా సరిపోతుంది. బస్సులో నగదు తీసుకోరు, కార్డు ఉంచుకోండి.

సోమవారం తప్ప కుదరకపోతే 3, 5 మాత్రం పెట్టుకోండి.