ఆల్ఫా 0.38 దగ్గర ఆగిందా? వ్యతిరేక వాక్యాలు చూడండి

మీ సర్వేలో ఆల్ఫా ఎందుకింత తక్కువొచ్చిందని అడిగారు కదా. వ్యతిరేక వాక్యాల (కంప్యూటర్‌కు ప్రతికూలంగా రాసినవాటి) మార్కులు తిరగేయకపోవడం వల్లే కావచ్చు. ఆసుపత్రుల్లో కంప్యూటర్ వాడకం మీద ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి నర్సింగ్ విద్యార్థుల అభిప్రాయాలు తీసుకుంటే క్రోన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.38 వచ్చిందన్నారు. మీ ప్రశ్నలు పారేయకండి.

“కంప్యూటర్‌లో ఉంటే రోగి వివరాలు తొందరగా దొరుకుతాయి”: దీనికి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) అంటే కంప్యూటర్ మీద ఇష్టం.
“కంప్యూటర్ వల్ల రోగి దగ్గర ఉండే టైం తగ్గిపోతుంది”: దీనికి 5 అంటే అయిష్టం.
రెండూ అలాగే కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

1. తెలుగు, ఒడియా ఫారాలు పక్కపక్కన పెట్టి వ్యతిరేక వాక్యాలకు టిక్కు పెట్టండి. అనువాదంలో ఒక్క “లేదు” జారిపోయినా ఆ వాక్యం తలకిందులవుతుంది. రెండు భాషలూ వచ్చినవాళ్లతో చదివించండి, సరిహద్దు ఊళ్లో దొరక్కపోరు.

2. మార్కులు 1 నుంచి 5 వరకు కాబట్టి, టిక్కు పెట్టిన వాటి మార్కును 6 లోంచి తీసేయండి. 5 ఉంటే 1, 4 ఉంటే 2, 3 అలాగే. చాలామంది వదిలేసేది ఇదే.

3. ఫలితం కొత్త కాలమ్‌లోనే ఉంచండి. పాతదాని మీదే రాసి, పొరపాటున రెండోసారి నడిపితే మళ్లీ మొదటికొస్తుంది.

4. ఆల్ఫా మళ్లీ తీయండి. సాధారణంగా 0.7 దాటితే చాలంటారు. దాటకపోతే, ఏ వాక్యం తీస్తే పెరుగుతోందో ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) పట్టికలో కనిపిస్తుంది. తీసేసే ముందు ఆ వాక్యం ఎలా అర్థమైందో ఇద్దరు విద్యార్థులను అడగండి.