ఎత్తంటే భయం ఉన్నవాళ్లు హడ్సన్ పాత రైలు వంతెన మీద నడవగలరా?

న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీ ఊరి దగ్గర, హడ్సన్ నది మీద ఇప్పుడు నడకదారిగా మార్చిన పాత రైలు వంతెనకి అమ్మగారిని తీసుకెళ్లాలనుంది, ఆవిడకి ఎత్తంటే భయం, వెళ్లొచ్చా అని అడిగారు. తీసుకెళ్లండి. నాకూ అదే భయం. మొదటిసారి సగం కూడా నడవకుండా వెనక్కి వచ్చేశాను. రెండోసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెళ్లాను.

మొదటిసారి పొకీప్సీ వైపు నుంచి ఎక్కాను. అటువైపు వంతెన నదిని చేరేలోపు ఊరి మీదుగా వెళ్తుంది. కింద ఇళ్ల కప్పులు, వీధులు, కార్లు. ఎంత పైన ఉన్నామో ఆ కప్పులే చెప్పేస్తాయి. నాకు కాళ్లలో వణుకు పుట్టింది అక్కడే. నిజానికి నది మీద 212 అడుగుల ఎత్తు, కానీ నీళ్లని చూస్తే అంత తెలియదు. అందుకే రెండోసారి అవతలి ఒడ్డున హైలాండ్ వైపు మొదలుపెట్టాను. మీరూ అటే వెళ్లండి. పొకీప్సీలో నది ఒడ్డు నుంచి పైకి అద్దాల లిఫ్ట్ ఉంది, దాని జోలికి మాత్రం మొదటి రోజే వెళ్లొద్దు.

నాకు ధైర్యం ఇచ్చింది ఆ వంతెన చరిత్ర. 1889 నుంచి బరువైన రైళ్లని మోసిన ఉక్కు అది. 1974లో అగ్నిప్రమాదం జరిగాక రైళ్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నదాన్ని స్థానికులు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు, 2009 అక్టోబరులో జనం నడవడానికి తెరిచారు. వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవమే. పైన కాంక్రీటు పలకలు పరిచారు కాబట్టి కాళ్ల కింద సందుల్లోంచి నది కనపడదు. దారి బాగా వెడల్పు. మధ్యలో నడిస్తే రెయిలింగ్ రెండు పక్కలా దూరంగానే ఉంటుంది. సైకిళ్లు వస్తుంటాయి, చూసుకోండి.

ఒకవైపు 1.28 మైళ్లు, అంటే రెండు కిలోమీటర్ల పైమాటే. నీడ ఉండదు, గాలి గట్టిగా కొడుతుంది. గాలి ఎక్కువున్న రోజు వద్దు, నేను మొదటిసారి వెళ్లింది అలాంటి రోజే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి వచ్చేద్దామని అమ్మగారికి ముందే చెప్పండి, ఆ మాటతోనే సగం టెన్షన్ తగ్గుతుంది. అంచు దగ్గరికి రమ్మని మాత్రం బలవంతపెట్టొద్దు. నేను వెళ్లేటప్పుడంతా మధ్యలోనే నడిచాను. తిరిగొస్తుంటే కింద ఒడ్డు వెంట గూడ్సు బండి చప్పుడు వినపడింది. అది చూడాలని నాకు నేనే రెయిలింగ్ దాకా వెళ్లాను.