కార్డు ఒక్కరి చేతిలోనే ఉండాలి

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ లైనక్స్ లాప్‌టాప్‌లో బ్రౌజర్‌లో పాట నడుస్తుంటే, రికార్డింగ్ ప్రోగ్రామ్ ఆర్డోర్ మొరాయిస్తోందని, ఆర్డోర్ ముందు తెరిస్తే సెట్టింగ్స్‌లో స్పీకర్ పోయి ‘డమ్మీ అవుట్‌పుట్’ అని కనిపిస్తోందని రాశావు. లాప్‌టాప్‌లో ఏదీ చెడిపోలేదు. ఒకే సౌండ్ కార్డు కోసం ఇద్దరు పోటీ పడుతున్నారు.

లైనక్స్ కెర్నెల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) కార్డుతో మాట్లాడే భాగం పేరు ఆల్సా. మామూలు కార్డుల్లో చాలావాటిని ఒకసారి ఒక ప్రోగ్రామ్ మాత్రమే నేరుగా తెరవగలదు. అందుకే అందరి శబ్దాన్నీ కలిపి పంపడానికి పల్స్‌ఆడియో, ఆలస్యం లేకుండా రికార్డు చేసుకునేవాళ్ళ కోసం జాక్ వచ్చాయి. రెండూ కార్డు తమకే కావాలంటాయి. జాక్ నేరుగా కార్డు పట్టుకుంటే పల్స్‌కు మిగిలేది ఆ డమ్మీయే. పైప్‌వైర్ వచ్చాక ఈ తగువు తీరింది. కార్డు అదే పట్టుకుంటుంది, మిగతా ప్రోగ్రాములకు పల్స్‌లాగా, జాక్‌లాగా, ఆల్సాలాగా తనే జవాబిస్తుంది.

నీది ఉబుంటు 22.04. ‘పైప్‌వైర్ నడుస్తూనే ఉంది కదా’ అన్నావు, నడుస్తుంది. కానీ ఆ వెర్షన్‌లో అది స్క్రీన్ షేరింగ్ కోసం. శబ్దం ఇంకా పల్స్‌ఆడియో చేతిలోనే ఉంది. డెస్క్‌టాప్ శబ్దం పైప్‌వైర్‌కు మారింది 22.10 నుంచి. ఫెడోరాలో అయితే 2021లో, 34వ వెర్షన్‌తోనే. 22.04 మీద అతుకులు వేసేకన్నా 24.04కి వెళ్ళడమే నయమని నా మాట.

వెళ్ళాక ముందు ఎవరు ఏలుతున్నారో చూడు. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టు.) ‘పీఏసీటీఎల్ ఇన్ఫో’ అంటే సర్వర్ పేరు దగ్గర ‘పల్స్‌ఆడియో, ఆన్ పైప్‌వైర్’ అని రావాలి. ఉత్త ‘పల్స్‌ఆడియో’ అని వస్తే పాత డీమనే (వెనక నిత్యం నడిచే ప్రోగ్రామే) ఇంకా నడుస్తోంది. కార్డు ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే, శబ్దం ఆడుతుండగా డెవ్ కింది ఎస్ఎన్‌డీ ఫోల్డర్‌లోని ఫైళ్ళ మీద ‘ఫ్యూజర్ -వీ’ నడుపు. ‘కంట్రోల్’ అని మొదలయ్యే ఫైళ్ళను ఎంతమంది పట్టుకున్నా నష్టం లేదు. ‘పీసీఎమ్’ అని మొదలయ్యేవి చూడు. అక్కడ పైప్‌వైర్ కాక జాక్‌డీ (జాక్ డీమన్) గానీ ఇంకొకటి గానీ ఉంటే దొంగ దొరికినట్టే.

పాత డీమన్‌ను తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పల్స్‌ఆడియో ప్యాకేజీ పోవచ్చు గానీ లిబ్‌పల్స్ లైబ్రరీ జోలికి పోకు. బ్రౌజర్లు, డెస్క్‌టాప్ ప్రోగ్రాములు మాట్లాడేది ఆ లైబ్రరీతోనే, అవతల వినేది పైప్‌వైర్-పల్స్ అయినా సరే. ‘పల్స్ పేరున్నదంతా పీకేయ్’ అన్న సలహా విని డెస్క్‌టాప్ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ప్యాకేజీలు పెట్టే, తీసే యాప్ట్ చూపించే తొలగింపుల జాబితా పూర్తిగా చదివాకే అవునను. వాల్యూమ్ సర్దే పవుకంట్రోల్ ఉంచుకో, పైప్‌వైర్ మీద కూడా అది చక్కగా పనిచేస్తుంది.

కావలసిన ప్యాకేజీలు: పైప్‌వైర్-పల్స్, పైప్‌వైర్-ఆల్సా, పైప్‌వైర్-జాక్, వైర్‌ప్లంబర్. బ్లూటూత్ ఉంటే పైప్‌వైర్‌కు దాన్ని కలిపే ఎస్‌పీఏ ప్లగిన్ కూడా. ఏ పరికరానికి ఏది కలపాలో తేల్చేది వైర్‌ప్లంబర్, అది లేకపోతే పైప్‌వైర్ ఉన్నా శబ్దం రాదు. ఇవన్నీ నీ యూజర్ సర్వీసులు. వాటిని నడిపే, ఆపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌కు ‘--యూజర్’ తగిలించు, ముందు సూడో (అడ్మిన్ హక్కు) పెట్టకు.

ఇక ఆర్డోర్. టెర్మినల్‌లో ‘పీడబ్ల్యూ-జాక్’ అని ముందు పెట్టి తెరువు, లోపల జాక్ ఎంచుకో. ఆల్సా ఎంచుకుంటే మళ్ళీ నేరుగా కార్డు మీదికే పోతుంది, కథ మొదటికి వస్తుంది. జాక్‌ను నడిపే కిటికీ క్యూజాక్‌సీటీఎల్‌లో ‘స్టార్ట్’ నొక్కకు, అది అసలు జాక్‌ను లేపుతుంది. ప్రోగ్రాముల మధ్య తీగలు కలపడానికి వాడుకుంటే చాలు.

పాడుతూ నీ గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తే క్వాంటమ్ (ఒక్కో విడతలో పంపే శబ్దపు ముక్క) తగ్గించు. మామూలుగా 1024 శాంపిళ్ళు, సెకనుకు 48,000 శాంపిళ్ళ రేటు మీద దాదాపు 21 మిల్లీసెకన్లు. 256కి తగ్గిస్తే సుమారు 5. పీడబ్ల్యూ-మెటాడేటాతో ‘సెట్టింగ్స్’లో ‘క్లాక్ డాట్ ఫోర్స్-క్వాంటమ్’ విలువ 256 చెయ్యి, పని అయ్యాక 0 పెడితే యథాస్థితికి వస్తుంది. పక్కన ‘పీడబ్ల్యూ-టాప్’ తెరిచి ఉంచు. ‘ఈఆర్ఆర్’ గడిలో అంకె పెరుగుతూ పోతుంటే చిటపటలు దాని వల్లే, 512కి పెంచు. 64కి దించి గొప్పలు చెప్పుకునేవాళ్ళను పట్టించుకోకు, నీ పాత లాప్‌టాప్ మోయలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క ప్రోగ్రామే మూగగా ఉంటే, హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘అసౌండ్‌ఆర్‌సీ’ ఫైలు ఉందేమో వెతుకు. ఆల్సాలోనే శబ్దాలు కలిపే డీమిక్స్ వాడిన రోజుల్లో ఎవరో చెబితే అతికించినవి ఏళ్ళ తరబడి అలాగే పడుంటాయి, ఆల్సా ప్రోగ్రాములను నేరుగా కార్డు మీదికి తోలుతుంటాయి. చెరపనక్కర్లేదు, పేరు మార్చు. ఈటీసీ ఫోల్డర్‌లో ‘అసౌండ్ డాట్ కాన్ఫ్’ కూడా చూడు. ఆల్సామిక్సర్‌లో ఎఫ్6తో నీ కార్డు ఎంచుకుని, గడి కింద ‘ఎమ్ఎమ్’ అని ఉంటే ఎమ్ నొక్కి మ్యూట్ తియ్యి. చాలామంది దీన్ని చివర్న చూస్తారు, నువ్వు మొదటే చూడు.

మీటింగ్‌లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ శబ్దం ఒక్కసారిగా నాసిగా మారడం వేరే సంగతి. దాని మైకు వాడగానే పాటల కోసం ఉన్న నాణ్యమైన ఏ2డీపీ ప్రొఫైల్ వదిలి ఫోన్ కాల్ ప్రొఫైల్‌కు మారుతుంది. మైకుగా లాప్‌టాప్‌దే ఎంచుకో, పాట నాణ్యత నిలుస్తుంది.

సెట్టింగులు మార్చాలనుకుంటే మొత్తం పైప్‌వైర్ కాన్ఫ్ ఫైలును హోమ్‌లోకి కాపీ చెయ్యకు, వెర్షన్ మారినప్పుడు పాత కాపీ కొత్తదానికి అడ్డుపడుతుంది. ‘పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డీ’ ఫోల్డర్‌లో నీకు కావలసిన రెండు వరుసలే చిన్న ఫైలుగా పెట్టు. వైర్‌ప్లంబర్‌కు లువా భాషలో రాసిన పాత సెట్టింగులు 0.5 వెర్షన్ నుంచి పనిచెయ్యవు, వాటిని వెతికి తెచ్చుకోకు.

అప్పటికీ తేలకపోతే పీఏసీటీఎల్ ఇన్ఫో, డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ ఇచ్చిన జవాబులు రెండూ ఉన్నదున్నట్టు పంపు.

మీ పెదనాన్న