బిల్లు లేకుండా కొన్న పరుపు కుంగిపోయింది, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. నాలుగు నెలల క్రితం విజయవాడలోని పుట్టింటికి వెళ్లినప్పుడు అక్కడి దుకాణంలో ఫోమ్ పరుపు కొన్నాం. 9,800 అన్నారు. మా దగ్గరున్నది చిట్టీ డబ్బే, అంత పెట్టలేమంటే ‘బిల్లు వద్దంటే 8,500కి ఇస్తాం’ అన్నారు. ఫోన్‌పే చేశాం. ‘ఎస్టిమేట్’ అని ఉన్న చీటీ మీద ‘72×60×5, 40డి’ అని రాసిచ్చారు. మూడు వారాలకే మధ్యలో గుంట పడింది. 22వ రోజున వాట్సాప్‌లో ఫోటోలు పంపితే ‘చూస్తాం మేడమ్’ అన్నారు. ఇప్పుడు వారంటీ కంపెనీదని, మరో 2,500 కడితే వేరేది ఇస్తామని అంటున్నారు. చీటీ అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చయి ఉంది. మా అత్తగారికి నడుం నొప్పి మొదలైంది. కేసు వేస్తే లక్ష వస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. ఎనిమిదిన్నర వేలకు కోర్టేంటని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి సందేహం తీరుస్తాను. ఇది మామూలు కోర్టు కాదు, జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు, మీరే వాదించుకోవచ్చు. సాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. కాబట్టి మామూలుగా ఖర్చంతా జిరాక్సులకు, పోస్టుకు అయ్యేదే.

విజయవాడ వెళ్లాల్సిన పని కూడా లేదు. పాత 1986 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారమైతే దుకాణం ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో మీరే తిరగాల్సి వచ్చేది. 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చాక ఆ ఇబ్బంది తప్పింది. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఫిర్యాదు వేయవచ్చు. దుకాణం పక్క రాష్ట్రంలో ఉన్నా ఖమ్మం కమిషన్‌కే రావాలి. ఈ ఒక్క మాట చెవిన పడితేనే చాలామంది దుకాణదారులు రాజీకి వస్తారు, ఎనిమిది వేల పరుపు కోసం జిల్లాలు దాటి వాయిదాలకు తిరగడం వాళ్లకీ గిట్టదు కదా.

ఇక బిల్లు సంగతి. వెయ్యీ మూడొందలు మిగులుతాయని మీరు ఒప్పుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మీ స్థానంలో ఎవరున్నా చాలావరకు అదే చేసేవారు. కానీ ఆ తగ్గింపు మీకు ఖరీదైన బేరమే అయింది. అయినా అంతా పోయినట్టు కాదు. డబ్బు చెల్లించి సొంత వాడకానికి కొన్నవారు వినియోగదారులే. చేతిలో బిల్లు లేనంత మాత్రాన ఆ హక్కు పోదు. పైగా సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెప్పింది. కాబట్టి కమిషన్‌లో అది దుకాణం మీదికే తిరుగుతుంది. ఫోన్‌పేలో డబ్బు ఎవరి పేరున వెళ్లిందో చూడండి. యజమాని సొంత పేరు ఉంటే ఆ పేరు, దుకాణం పేరు రెండూ ఫిర్యాదులో రాయాలి.

‘వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యానికి భయపడొద్దు. రంగు నచ్చలేదనో, మంచానికి సరిపోలేదనో మీరు వెనక్కి ఇస్తానంటే ఆ మాట కొంత పనికొస్తుంది. లోపం ఉన్న సరుకు విషయంలో పనికిరాదు. అదే సెక్షన్ 2(47) ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. మీరు 22వ రోజునే ఫోటోలు పంపారు. ఆ వాట్సాప్ చాట్ మీకు బంగారం. ‘చూస్తాం మేడమ్’ అన్న ఆ జవాబు కూడా మీకు సాక్ష్యమే.

‘వారంటీ కంపెనీది’ అన్న మాట కూడా సగమే నిజం. మీ దగ్గర డబ్బు తీసుకున్నది దుకాణం, చీటీ మీద రాసిచ్చింది దుకాణం. ఫిర్యాదులో మొదటి ప్రతివాదిగా దుకాణాన్ని, రెండో ప్రతివాదిగా తయారీదారును పెట్టండి. తయారీదారు చిరునామా పరుపు కవరుకు కుట్టిన లేబుల్ మీద దొరకవచ్చు. లేబులే లేకపోతే ఆ విషయమూ ఫిర్యాదులో రాయండి.

అసలు కష్టం లోపాన్ని రుజువు చేయడంలో ఉంది. మీ మంచం చెక్కలు వంగి ఉన్నాయని, పిల్లలు ఎగిరారని అవతలివారు కచ్చితంగా అంటారు. అందుకే పరుపు తీసి మంచం చెక్కలకు ఫోటో తీయండి. తర్వాత పరుపును చదునైన నేల మీద పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగువుగా పట్టి, గుంట దగ్గర స్కేలు నిలబెట్టి, లోతు కనబడేలా ఇంకో ఫోటో తీయండి. వారంటీ కార్డులు చాలావాటిలో ఇన్ని మిల్లీమీటర్లకు మించి కుంగితేనే అన్న షరతు ఉంటుంది. మరకలుంటే వర్తించదన్న షరతూ ఉంటుంది. కాబట్టి టీ, నూనె పడకుండా చూసుకోండి.

ఇంకొకటి, చీటీ మీదున్న ‘40డి’. ఫోమ్ వ్యాపారంలో 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగాలి. మీ కొలతలకు, అంటే 72×60×5 అంగుళాలకు, లెక్క కడితే సుమారు 0.354 ఘనపు మీటర్లు. మొత్తం ఆ ఫోమే అయితే పరుపు 14 కిలోల పైన ఉండాలి, కవరు బరువు అదనం. దగ్గర్లో పెద్ద కాటా ఉన్న ఏ దుకాణానికైనా తీసుకెళ్లి తూకం వేయించి, అంకెలు కనబడేలా ఫోటో తీయండి. తొమ్మిది పది కిలోలే వచ్చిందనుకోండి, అది 25-28 డెన్సిటీ సరుకు. ఇక ఎందుకు కుంగిందన్న వాదనే అక్కర్లేదు, చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అని తేలిపోతుంది. బరువు సరిపోతే మాత్రం ఈ వాదన ఎత్తకండి, కుంగుడు మీదే నిలబడండి. ల్యాబ్ పరీక్ష అవసరమని కమిషన్ అనుకుంటే దానికి ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు. అందుకే ఇంట్లో తేల్చుకోగలిగింది ముందే తేల్చుకోవడం మంచిది. (మా నాయనమ్మ బూరుగు దూదిని తన ఎదుటే తూకం వేయించి, ఏకించి, పరుపు కుట్టించుకునేది. ఆ పరుపు మీద తగాదా ఎప్పుడూ రాలేదు.)

లక్ష రూపాయల ఆశ మాత్రం పెట్టుకోకండి. నడుం నొప్పి పరుపు వల్లే వచ్చిందని డాక్టరు రాసిచ్చినా, వయసు వల్ల వచ్చింది కాదని నిలబెట్టడం చాలా కష్టం. అత్తగారు డాక్టరుకు చూపించుకుని ఉంటే ఆ చీటీలు జతచేయండి. కట్టిన డబ్బు వాపసు, కొంత పరిహారం, ఖర్చులు అని మాత్రం అడగండి. అంకె పెంచి రాస్తే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు, అవతలివారితో మాట్లాడతారు. అది తేలకపోతే దుకాణానికి, కంపెనీకి స్పీడ్‌పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువు ఇవ్వండి. చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు గానీ, మీరు అడిగారనడానికి అది రుజువు. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఆచరణలో ఇంకాస్త పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఆ 2,500 మాట. వేరే పరుపు ఇస్తే ఇచ్చినట్టే గానీ, మీకు బాకీ ఉన్నదానికి మళ్లీ మీరెందుకు కట్టాలి? అదనంగా ఏమీ లేకుండా, సరైన బిల్లుతో, స్టాంపు వేసిన వారంటీ కార్డుతో మారుస్తామంటే మాత్రం ఒప్పుకోండి, నేనైతే ఒప్పుకుంటాను. అప్పుడు కూడా పాత పరుపును ‘రిపేరుకు పంపిస్తాం’ అని ఊరికే పట్టుకెళ్లనివ్వకండి. తీసుకున్నట్టు తేదీతో రాయించుకోండి, పరుపు పోతే మీ సాక్ష్యం పోయినట్టే.

ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. అయినా ఫోన్ మార్చే ఆలోచన ఉంటే మాత్రం ఈ రోజే ఆ వాట్సాప్ చాట్‌నూ, ఫోన్‌పే రసీదునూ మీ మెయిల్‌కు పంపుకోండి.