యూకేలో ప్రైవేట్ పార్కింగ్ నోటీసు: కట్టేయాలా, అప్పీల్ చేయాలా?

రిటైల్ పార్కులో ఫ్రీ టైమ్ దాటిందని 100 పౌండ్ల నోటీసు వచ్చింది, 14 రోజుల్లో కడితే 60 చాలంటున్నారు, కట్టేయాలా, చించి పారేయాలా, వీసాకి ఇబ్బందా అని అడిగారు. నేనూ ఇంగ్లండ్‌లోనే ఉంటాను. ఇలాంటి నోటీసే మాకూ వస్తే అప్పీల్ చేసి రద్దు చేయించుకున్నాను. అప్పుడే కట్టకండి, అలాగని చించకండి కూడా.

ముందు పంపింది కౌన్సిలా, ప్రైవేట్ కంపెనీయా చూడండి. కౌన్సిల్ అయితే దారి వేరు. ప్రైవేట్ అయితే అది సర్కారు జరిమానా కాదు, షరతు తప్పారని కంపెనీ అడిగే డబ్బు. "వాళ్లేం చేయలేరు, చెత్తబుట్టలో పడేయ్" అని వాట్సాప్ గ్రూపుల్లో పెద్దమనుషులు చెబుతుంటారు కానీ, ఆ మాటకు 2015 నవంబర్‌లోనే కాలం చెల్లింది. చెమ్స్‌ఫర్డ్‌లో 2 గంటల ఫ్రీ పార్కింగ్ దాటిన బీవిస్ అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని తీర్పు వచ్చింది.

మొదట ఆ షాపు మేనేజర్‌ని కలవండి. ఆరోజు కొన్న బిల్లు చూపిస్తే చాలాసార్లు వాళ్లే చెప్పి రద్దు చేయిస్తారు. ఇంతకన్నా సులువైన దారి లేదు, జనం ఎందుకో ఇదే వదిలేస్తారు.

అక్కడ పని కాకపోతే తేదీలు లెక్కపెట్టండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రకారం, అద్దానికి టికెట్ అంటించకుండా కెమెరాతో పట్టుకున్న కేసుల్లో, పార్క్ చేసిన మర్నాటి నుంచి 14 రోజుల్లోపు నోటీసు ఇంటికి చేరాలి. పోస్ట్ చేశాక రెండో వర్కింగ్ డేకి చేరినట్టు లెక్క. ఆలస్యమైతే కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లని, అంటే కీపర్‌ని, అడిగే హక్కు పోతుంది, నడిపినవాళ్లనే అడగాలి. ఎవరు నడిపారో మీరు చెబితే తప్ప కంపెనీకి తెలిసే దారి దాదాపు ఉండదు. అందుకే అప్పీల్‌లో "నేను పార్క్ చేశాను" అని రాయకండి. "ఈ వాహనం కీపర్‌గా రాస్తున్నాను" అనండి చాలు. అబద్ధం ఆడక్కర్లేదు, అడగనిది చెప్పక్కర్లేదు. స్కాట్లాండ్‌కి ఈ చట్టం వర్తించదు.

మా కేసు చెబుతాను. ఏకంగా 7 గంటలు పార్క్ చేశారని నోటీసు. నిజానికి పొద్దున బాబుకి షూస్ కొని వచ్చేశాం, సైజు చాలక సాయంత్రం మార్చుకోవడానికి మళ్లీ వెళ్లాం. కెమెరా మొదటిసారి లోపలికి వెళ్లడాన్ని, రెండోసారి బయటికి రావడాన్ని కలిపేసి ఒకే పార్కింగ్ అనుకుంది. దీన్ని ఇక్కడ డబుల్ డిప్ అంటారు, కొత్తేమీ కాదు. నోటీసులో రెండు ఫొటోలు: ఒకదాంట్లో ముందువైపు తెల్ల ప్లేటు మీద ఎండ పడుతోంది, రెండోదాంట్లో వెనక పసుపు ప్లేటు తప్ప అంతా చీకటే. మధ్యలో మా ఇంటి దగ్గర బంకులో పెట్రోల్ కొట్టించిన రసీదు టైమ్‌తో సహా ఉంది, ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ కూడా ఉంది. అన్నీ జతచేసి ముందు కంపెనీకే అప్పీల్ పంపితే, కనీసం చదివినట్టు కూడా లేని రెడీమేడ్ జవాబుతో తిరస్కరించారు.

ఆ తిరస్కరణలోనే పాప్లా (ప్రైవేట్ పార్కింగ్ అప్పీళ్లు వినే స్వతంత్ర సంస్థ) కోడ్ ఇస్తారు. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైతే అప్పీల్ పాప్లాకి, ఐపీసీ అనే ఇంకో పార్కింగ్ కంపెనీల సంఘం సభ్యురాలైతే ఐఏఎస్ అనే వేరే అప్పీల్ సంస్థకి వెళ్తుంది. పాప్లాకి 28 రోజుల గడువు, ఫీజు లేదు, తీర్పు కంపెనీ పాటించి తీరాలి, మీరు మాత్రం కట్టుబడక్కర్లేదు. అయితే అక్కడిదాకా వెళ్తే 60 పౌండ్ల ఆఫర్ మామూలుగా పోతుంది. పాప్లాలో జాలి కథలు పనిచేయవు. పాప ఏడ్చింది, క్యూ పెద్దదుంది అంటే వినరు. బోర్డు చీకట్లో కనబడదని వాదించాలి, లేదా ఆ స్థలం యజమానితో కంపెనీకి ఉన్న ఒప్పందం చూపించమని అడగాలి. బోర్డుల ఫొటోలు మీరు పార్క్ చేసిన వేళకే వెళ్లి తీయండి. నేనైతే ఆరోజు మా నంబరు కనబడిన కెమెరా లాగ్ మొత్తం చూపించమన్నాను. కంపెనీ ఏమీ చూపించకుండానే చార్జీ రద్దు చేసుకుంది.

తర్వాత వసూలు ఏజెన్సీల ఉత్తరాలు 70 పౌండ్లు కలిపి ఎర్ర అక్షరాలతో వస్తే టెన్షన్ పడకండి, వాళ్లు కోర్టు మనుషులు కారు. కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం వెంటనే జవాబివ్వాలి. ఇవ్వకపోతే సీసీజే, అంటే డబ్బు కట్టమని కౌంటీ కోర్టు తీర్పు, పడుతుంది, నెలలో కట్టకపోతే 6 ఏళ్లు రికార్డులో ఉంటుంది. వీసా సంగతికి వస్తే, పార్కింగ్ నోటీసు నేరం కాదు. కానీ ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి), సిటిజన్‌షిప్ ఫారాల్లో ఇలాంటి కోర్టు తీర్పుల గురించి అడుగుతారు. మనవాళ్లు అద్దె ఇళ్లు తరచూ మారుతుంటారు కదా, లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) పాత అడ్రస్ ఉంటే ఉత్తరాలన్నీ అక్కడికే పోయి, మీకు తెలియకుండానే తీర్పు పడిపోతుంది. వాహనాలు రిజిస్టర్ చేసే సర్కారు సంస్థ డీవీఎల్ఏలో అడ్రస్ ఇవాళే సరిచూసుకోండి.

పార్క్ చేసిన తేదీ, నోటీసు మీదున్న తేదీ రెండూ ఇక్కడ రాయండి, 14 రోజుల లెక్క చూసి చెబుతాను. ఫొటో పెడితే కారు నంబరు చెరిపి పెట్టండి.