‘కాస్మోస్’ను ఇప్పటి పిల్లలకు చూపించవచ్చా?

ప్రశ్న: నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో హైస్కూలు సైన్సు ఉపాధ్యాయినిని. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొండ ఊళ్ల నుంచి వచ్చేవారి ఇంటి భాష సవర. ఈమధ్య వారికి అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ టీవీ కార్యక్రమం ‘కాస్మోస్’ మొదటి భాగం చూపించాను. వ్యాఖ్యానం ఇంగ్లీషులోనే సాగినా, గంటసేపు ఒక్కరూ కదలలేదు. అయితే నలభై ఏళ్లు దాటిన కార్యక్రమంలోని సైన్సు చెల్లిపోయిందనీ, దానిని చూపించడమంటే తప్పు నేర్పడమేననీ తోటి మాస్టారొకరు అన్నారు. ఆయన మాట నిజమేనా? నిజమైతే పిల్లలు అంతగా ఎందుకు లీనమయ్యారు?
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: మాస్టారి అభ్యంతరంలో కొంత నిజముంది. ‘కాస్మోస్’ 1980 సెప్టెంబరు 28 నుంచి డిసెంబరు 21 వరకు అమెరికాలోని పీబీఎస్ టీవీలో 13 భాగాలుగా ప్రసారమైంది. విశ్వం వయసును సేగన్ అందులో సుమారు 1,500 కోట్ల సంవత్సరాలుగా తీసుకున్నారు. నేటి లెక్క 1,380 కోట్లు. సూర్యుని వంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం ఒక్కటైనా అప్పటికి ఎవరికీ దొరకలేదు. ఇప్పుడు బయటి గ్రహాల లెక్క వేలు దాటింది. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో గానీ తెలియలేదు. ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం నాశనమైన తీరును, అక్కడి గణిత పండితురాలు హైపేషియా మరణాన్ని ఆయన మరీ సూటి కథగా చెప్పారని చరిత్రకారులు తప్పుపట్టారు. ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం కూడా.

కానీ మీ పిల్లలను కూర్చోబెట్టింది ఈ అంకెలు కావు. మొదటి భాగంలో ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఘట్టాన్ని గుర్తుచేసుకోండి. ఈజిప్టులోని సయీన్‌లో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన పగటి రోజున మిట్టమధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడ ఉండదనీ, అదే వేళ అలెగ్జాండ్రియాలో నీడ పడుతుందనీ ఆయన గమనించాడు. రెండు స్తంభాలు నిలిపిన ఒక పటాన్ని సేగన్ చేతిలోకి తీసుకుని, బల్లపరుపుగా ఉన్నప్పుడు రెండు నీడలూ ఒకే తీరుగా ఉండటాన్ని చూపి, తర్వాత దానిని వంచి, నీడలు వేరుపడటాన్ని చూపుతారు. కోణంలో తేడా సుమారు 7 డిగ్రీలు, అంటే వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 800 కిలోమీటర్లు. కాబట్టి భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 2,200 ఏళ్ల నాటి మనిషి కర్రలతో, నీడలతో, ఆలోచనతో సాధించిన ఈ లెక్క కళ్ల ముందే తేలుతుంటే, భాష పూర్తిగా తెలియని పిల్లవాడికి కూడా విషయం అందుతుంది. ఫలానాది నిజమని ప్రకటించి ఊరుకోకుండా, అది నిజమని మనిషికి ఎలా తెలిసిందో చూపించడమే ఆ కార్యక్రమానికి ప్రాణం. అంకెలు మారినా అది చెక్కుచెదరలేదు.

ఈ పాఠాన్ని మీ బడి ఆవరణలోనే చేయించవచ్చు. పర్లాకిమిడి కర్కాటక రేఖకు దక్షిణాన, దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు మీకు ఏటా రెండుసార్లు, మే నెల నడుమ ఒకసారి, జూలై చివరి వారంలో మరోసారి, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో ఆ రోజున పన్నెండుకు పది నిమిషాల ముందు నిటారుగా పాతిన కర్ర నీడ దాని మొదట్లోనే మాయమవుతుంది. అదే రోజు చెన్నైలో మీ బంధువులో స్నేహితులో ఉంటే, పన్నెండు దాటిన ఐదారు నిమిషాలకు మీటరు పొడవు కర్ర నీడను కొలిచి ఫోనులో చెప్పమనండి. నీడ దక్షిణం వైపు దాదాపు 10 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 5.7 డిగ్రీలు. పటం మీద రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 630 కిలోమీటర్లు. మిగతా లెక్క పిల్లలనే చేయనివ్వండి. మేలో సెలవులు, జూలైలో మబ్బులు అడ్డం రావచ్చు. అయినా ప్రయత్నం మానవద్దని నా మనవి.

మరొక కారణం సేగన్ మాట తీరు. వైకింగ్, వాయేజర్ అంతరిక్ష యాత్రల్లో పనిచేసిన శాస్త్రవేత్త ఆయన. పైగా ఈ కార్యక్రమం ప్రసారమవుతుండగానే, 1980 నవంబరులో, వాయేజర్-1 శనిగ్రహాన్ని దాటింది. అంతటి పనిలో ఉన్నవాడు, తెలియని సంగతిని తెలియదని చెబుతూ, వినేవారిని తనతో సమానులుగా చూస్తూ మాట్లాడారు. 1990ల తొలినాళ్లలో దూరదర్శన్ ‘టర్నింగ్ పాయింట్’లో ప్రొఫెసర్ యశ్‌పాల్ జవాబులు విన్నవారికి ఈ గుణం పరిచయమే. మీరు ఏడో భాగాన్ని తప్పక చూపించండి: అందులో సేగన్ బ్రూక్లిన్‌లో తాను చదువుకున్న బడికి వెళ్లి, పిల్లల చేతికి గ్రహాల ఫొటోలిచ్చి, వారి ప్రశ్నలకు ఓపికగా బదులిస్తారు.

చూపించేటప్పుడు పది నిమిషాలకొకసారి ఆపి తెలుగులో, ఒడియాలో చెప్పండి. సవర వచ్చిన పిల్లల చేత తోటివారికి చెప్పించండి. మారిన అంకెలను దాచకండి. పాత అంకెను నల్లబల్ల మీద ఒక పక్క, కొత్తదానిని మరో పక్క రాసి, ఏ పరిశీలన వల్ల మారిందో చెబితే, మాస్టారు తప్పన్నదే మీకు మరో పాఠమవుతుంది. వీలైతే ఆ పాఠం ఆయన చేతనే చెప్పించండి.

ప్రశ్న: ‘కాస్మోస్’లో ఒక భాగాన్ని మన దేశంలో తీశారనీ, మన పురాణాల కాలగణన సరైనదని సేగన్ అందులో ఒప్పుకున్నారనీ విన్నాను. వాస్తవమేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మొదటిది వాస్తవం. పదో భాగంలో తమిళనాడు దృశ్యాలున్నాయి. మనకు సంక్రాంతి అయిన పొంగలి వేడుకలూ, చోళుల కాలపు నటరాజ విగ్రహాలూ కనిపిస్తాయి. రెండోది సగమే నిజం. బ్రహ్మకు ఒక పగలూ రాత్రీ కలిపి 864 కోట్ల సంవత్సరాలన్న లెక్కను ప్రస్తావించి, ఆధునిక విశ్వశాస్త్రపు కాలప్రమాణాలకు తూగే ఊహ హిందూ సంప్రదాయంలోనే ఉందని ఆయన ఆదరంతో అన్నారు. అయితే ఆ పోలిక నిస్సందేహంగా యాదృచ్ఛికమేనని అదే వాక్యంలో చెప్పారు. మన పెద్దల ఊహ ఎంత విశాలమో చెప్పడానికి ఆ మాటను వాడుకోవచ్చు గానీ, వారు విశ్వం వయసును కొలిచారనడానికి సేగన్‌ను సాక్షిగా పిలవడం ఆయనకు న్యాయం కాదు.