పదిహేను మందికి సొంత చాట్ సర్వర్ అవసరమా?

మీరు అడిగింది ఇది: పదిహేను మంది ఉన్న డిజైన్ సంస్థ, ఆఫీసు చాట్ యాప్ స్లాక్ ఉచిత ఖాతాలో పాత సంభాషణలు కనిపించడం లేదు, సొంత సర్వర్ పెట్టుకోవాలా, వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టుకోవాలా?

మా చిన్న అనువాద బృందం చాట్ సర్వర్‌ను చూసుకునేది నేనే కాబట్టి చెబుతున్నాను. అద్దె గురించి దిగులు వద్దు. రెండు జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్‌ మీద జూలిప్ అనే చాట్ సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తుంది, నెలకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. అసలు ఖర్చు మనిషి సమయం. డిస్కు నిండినా, సర్వర్ భద్రతా సర్టిఫికెట్ గడువు తీరినా, అప్‌డేట్ మధ్యలో ఆగినా ఫోను మీకే వస్తుంది, మీరు పెళ్లి పందిట్లో ఉన్నా సరే. ఈ పని తెలిసినవాళ్లు మీ దగ్గర ఇద్దరున్నారా? ఒక్కరే ఉంటే వద్దనే అంటాను. ఆ ఒక్కరు ఉద్యోగం మారితే సర్వర్‌కు దిక్కుండదు.

ఉచిత సేవల్లో చిక్కు ఏమిటంటే, నియమాలు వాళ్లవి. స్లాక్ ఉచిత ఖాతాలో ఒకప్పుడు 10,000 సందేశాల వరకు కనిపించేవి. 2022 సెప్టెంబరు నుంచి 90 రోజులవే చూపిస్తున్నారు. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని తొలగిస్తున్నారు కూడా. వాట్సాప్‌లో ఇబ్బంది వేరు: కొత్తగా చేరిన ఉద్యోగికి పాత చర్చ మొత్తం దొరకదు, మానేసిన ఉద్యోగి ఫోనులో మాత్రం మీ ఫైళ్లన్నీ ఉండిపోతాయి. క్లయింటు ఏ రంగుకు సరేనన్నాడో ఆరు నెలల తర్వాత చూడాలంటే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య వెతుక్కోవాలి.

పెద్ద సంస్థల సర్వర్లు ఆగవనుకోకండి, 2021 అక్టోబరు 4న వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. అయినా ఏడాది మొత్తం లెక్కేస్తే మాలాంటివాళ్ల సర్వర్లే ఎక్కువసార్లు మొరాయిస్తాయి.

గోప్యత కోసమే సొంత సర్వర్ అనేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. జూలిప్‌లో సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని రక్షణ) లేదు, సర్వర్ తాళాలున్న మనిషి డేటాబేస్ తెరిచి చదవగలడు. ఎక్కడో ఉన్న కంపెనీ చదవడం కంటే, పక్క కుర్చీలో కూర్చునే మనిషి మీ జీతం గోడు చదవగలగడమే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. అందుకే మా బృందంలో చేరేవాళ్లకు ఈ సంగతి ముందే చెబుతాం. సొంత విషయాలు సిగ్నల్ యాప్‌లో మాట్లాడుకుంటారు. సొంత సర్వర్‌పై నడిపే మరో చాట్ వ్యవస్థ మ్యాట్రిక్స్‌లో ఆ ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ, వాడే ఫోన్లూ కంప్యూటర్లూ, సందేశాలు తిరిగి తెరిచే రికవరీ కీ అన్నీ పోతే పాత సందేశాలను అడ్మిన్ కూడా తెరవలేడు. పాతవి దాచుకోవడానికే సర్వర్ పెడుతున్న మీకు ఇది చిన్న విషయం కాదు. పైగా మ్యాట్రిక్స్ సర్వరైన సినాప్స్‌లో సర్వర్ పేరు ఒకసారి పెడితే ఇక మార్చలేరు.

పూర్తి స్వాతంత్ర్యం అన్న మాటా నమ్మకండి. నోటిఫికేషన్లు ఐఫోనుకు యాపిల్ ద్వారా, ఆండ్రాయిడ్‌కు సాధారణంగా గూగుల్ ద్వారానే వెళ్లాలి. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసిన 14 మెసేజింగ్ యాప్‌లలో మ్యాట్రిక్స్‌కు బాగా వాడే ఎలిమెంట్ యాప్ కూడా ఉంది.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌ మీద నడిపే ఆలోచన ఉంటే మానుకోండి. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు ఇంటర్నెట్‌లో నేరుగా చేరుకునే చిరునామా) ఉండదు, కరెంటు సంగతి సరేసరి.

మీ స్థానంలో ఉంటే, చూసుకునేవాళ్లు ఇద్దరు దొరికితేనే జూలిప్ పెడతాను. అందులో ప్రతి చర్చకూ అంశం పేరు ఉంటుంది కాబట్టి ఆ రంగు సంగతి నిమిషంలో దొరుకుతుంది. బ్యాకప్ రోజూ వేరే చోటికి వెళ్లాలి, అప్పుడప్పుడు దాన్ని తిరిగి తెరిచి చూడాలి. క్లయింట్లను మాత్రం వాట్సాప్‌లోనే ఉండనివ్వండి, ఎంత పిలిచినా రారు. ఇద్దరు దొరకకపోతే డబ్బు కట్టే ఖాతా తీసుకోండి. అదీ కుదరకపోతే వాట్సాప్ ఉంచుకుని, ఖరారైన నిర్ణయాలు ఒక షీటులో రాసుకోండి.

ఏది ఎంచుకున్నా స్లాక్‌లో ఉన్నదాన్ని ఈ వారమే దించుకోండి. ఉచిత ఖాతాలో పబ్లిక్ ఛానెళ్లవి, అదీ గత 90 రోజులవి మాత్రమే వస్తాయి. ఆ ఫైలును జూలిప్ నేరుగా తీసుకుంటుంది.